పాత తిరుపతి నడక: 400 రూపాయలు పెట్టొచ్చా?

ముందే చెప్పేస్తున్నా, పెట్టొచ్చు. మనిషికి 400, పదేళ్లలోపు పిల్లలకు సగం, ఆదివారం ఉదయం ఆరింటికి మొదలై పది దాటేదాకా, పాత ఊరి గుళ్లు, వీధులు చూపిస్తూ వాటి కథలు చెప్పే నడక. నేను పుట్టింది ఈ ఊళ్లోనే, బేరి వీధి పక్క సందులో మా అవ్వ ఇల్లు, పెళ్లయ్యాక కాపురం కోర్లగుంటలో, అంటే నలభై మూడేళ్లుగా గోవిందరాజుల గాలిగోపురం నా కంటపడని వారం లేదు. అయినా ఆ నాలుగు గంటల్లో విన్న సంగతులు ఇన్నేళ్లలో నాకెవరూ చెప్పలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి, ముఖ్యంగా ఈ ఊరివాళ్లు.

అసలు ఎందుకు వెళ్లామంటే, మా అక్క, బావ, వాళ్లమ్మాయి విజయవాడ నుంచి దర్శనానికి వచ్చారు. కొండ దిగాక శనివారం మధ్యాహ్నం ఒక ట్రావెల్స్‌వాళ్ల దగ్గర 'లోకల్ టెంపుల్స్' ప్యాకేజీ మాట్లాడుకున్నారు. ఒక్క పూటలో ఏడు గుళ్లు. గోవిందరాజుల గుడికి ఇచ్చింది ఇరవై నిమిషాలు. చెప్పులు విడిచి, ఫోన్లు డిపాజిట్ చేసి లోపలికి పోయేసరికే సగం టైమ్ అయిపోయింది, పరుగు పరుగున దండం పెట్టుకుని బయటికొచ్చి ఫోన్ తీసుకుంటే డ్రైవర్ నుంచి ఆరు మిస్డ్ కాల్స్. రాత్రి భోజనాల దగ్గర మా బావ, "కొండ మీద స్వామిని చూశాక కింద ఇంకేముందమ్మా, లాడ్జీలు, ట్రాఫిక్ తప్ప" అన్నాడు. ఆయన తప్పు లేదు, ఆయనకు వాళ్లు చూపించింది అదే. కానీ పుట్టిన ఊరు కదా, నాకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

మా ఆఫీసులో ఒకావిడ అంతకు నెల ముందే ఈ నడక గురించి చెప్పి ఉంది. నడిపించేది రిటైరైన ఒక అయ్యవారు, మా వైపు బళ్లో చదువు చెప్పేవాళ్లను అయ్యవారనే అంటాం. సోషల్ పాఠాలు చెప్పేవారట. సంస్థ, బోర్డు, యూనిఫామ్ ఏమీ లేవు, మంది కూడా పదికి మించి తీసుకోరు. రాత్రికి రాత్రి ఫోన్ చేస్తే, "ఐదుమంది ఉండారు, మీరు నలుగురూ వస్తే సరిపోతుంది, తెల్లారి నాలుగు కాళ్ల మండపం కాడికి రండమ్మా" అన్నారు.

ఆరింటికి అన్నది ఆరుంపావు దాటి ఇరవై ఐదుకు మొదలైంది. ఇద్దరు రావడం ఆలస్యం, వాళ్ల కోసం అందరం నిలబడ్డాం. వేసవి ముందు రోజుల్లో ఇక్కడ ఆ ఇరవై ఐదు నిమిషాల చల్లదనం చాలా విలువైనది, ఆ తర్వాత తొమ్మిదింటికే నెత్తి మాడింది, కాబట్టి ఇది మొదటి ఫిర్యాదు. అయితే ఆ నిలబడ్డ సేపట్లోనే అయ్యవారు ఒక సంగతి చెప్పారు, మా బావ అన్న మాటకు జవాబులాగా. కొండకు మొదటి ఘాట్ రోడ్డు పడింది 1944లో. అంతకు ముందు వచ్చినవాళ్లు చాలామంది నడిచే ఎక్కాలి, కాబట్టి ముందు కింద ఊళ్లో దిగాలి, సత్రంలో పడుకోవాలి, వండుకోవాలి, కోనేట్లో మునగాలి, గోవిందరాజులకు చెప్పుకోవాలి, గంగమ్మకు మొక్కుకోవాలి, ఆ తర్వాతే అలిపిరి దారి పట్టాలి. అంటే యాత్రలో ఒక రోజో రెండు రోజులో ఈ వీధులవే. బస్సులు వచ్చాక స్టేషన్‌లో దిగినవాడు దిగినట్టే పైకి పోతున్నాడు. నేను రోజూ చూసే బస్సుల వరసకు ఇంత కథ ఉందని అప్పుడే తెలిసింది.

అక్కడి నుంచి గాలిగోపురం. ఈ చిన్న దూరమే నడకంతటికీ ప్రాణం. ఏడంతస్తుల గోపురం, ఎత్తు 50 మీటర్ల దాకా, పదిహేడో శతాబ్దంలో సిద్ధవటం మట్లి వంశంవాళ్లలో అనంతరాజు కట్టించింది. బయట నిలబడి తల పైకెత్తి ఫొటో తీసుకోవడం అందరూ చేసేదే, అయ్యవారు మమ్మల్ని కింద దారి మధ్యలో ఆపి పక్క గోడ చూడమన్నారు. రామాయణం బొమ్మలు వరసగా ఉన్నాయి. వాటితోపాటే రాతిలో ఒక రాజు, ఆయన ముగ్గురు భార్యలు. కట్టించిన అనంతరాజే ఆయన. నేను చిన్నప్పుడు మా అవ్వ చెయ్యి పట్టుకుని వెయ్యిసార్లు దాటిన దారి అది, పెళ్లిలో కూడా ఆ కిందుగానే నడిచాను, పక్కన నలుగురు మనుషులు నాలుగు వందల ఏళ్లుగా నిలబడి ఉన్నారని ఒక్కసారి కూడా చూడలేదు. మా అక్క కూతురు పన్నెండేళ్లది, అది దగ్గరికి పోయి ఒక రాణి మొహం మీద పసుపూ కుంకుమా మెత్తి ఉండటం చూసి, "పిన్నీ, ఈవిడను కూడా అమ్మవారనుకున్నారా?" అంది. అయ్యవారు తల ఊపి, "నూనె, పసుపు, సున్నం, ఈ మూడూ కలిసి బొమ్మల ముక్కూ మొహం తినేస్తా ఉండాయమ్మా, దండం పెట్టుకోండి చాలు, పూయొద్దండి" అని అక్కడున్న పూలమ్మే ఆవిడకు కూడా వినబడేటట్టు చెప్పారు.

తర్వాత ఆయన జేబులోంచి పెన్ను సైజు టార్చి తీశారు. గోడకు ఎదురుగా కాకుండా, గోడకు ఆనించి పక్క నుంచి వాలుగా వెలుగు వేశారు. వట్టి గరుకు రాయి అనుకున్న చోట అక్షరాలు లేచి నిలబడ్డాయి, వరస మీద వరస. ఒళ్లు జలదరించింది. మొదట్లో 'స్వస్తి శ్రీ' గ్రంథ లిపిలో, అంటే అరవనాట సంస్కృతం రాసే పాత లిపిలో ఉంటుందట, మిగతాది అరవం, అదే తమిళం. నేను అరవం మాట్లాడగలను, చదవలేను, అయ్యవారు ఒక్కో అక్షరం వేలితో గాల్లోనే చూపిస్తూ చదివారు, రాతిని మాత్రం ముట్టుకోనివ్వలేదు. కొండ మీదా కిందా కలిపి వెయ్యికి పైగా శాసనాలు ఉన్నాయి, వాటిలో చాలా మటుకు అరవంలోనే, తెలుగు, కన్నడం కొద్ది. 1930ల్లో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారు దేవస్థానం తరఫున ఇవన్నీ చదివించి అచ్చు వేయించారు. ఆ సంపుటాల్లో ఒకదాని జిరాక్స్ కాగితాలు అయ్యవారి సంచిలో ఉన్నాయి, అంచులు నలిగి, పెన్సిల్ గీతలతో.

శాసనాల్లో ఏముంటుందని మా బావ అడిగాడు. ఆయన బ్యాంకు మనిషి, నిన్నటి చిరాకంతా ఇక్కడే పోయింది. దీపం వెలగడానికి ఇచ్చినవి, పూలతోటకు ఇచ్చినవి, నైవేద్యానికి ఇచ్చినవి. విజయనగరం రోజుల్లో ఎవరైనా గుడికి డబ్బు ఇస్తే దాన్ని పెట్టెలో పెట్టి తాళం వెయ్యరు, గుడి ఊళ్లలో చెరువు తవ్వడానికో కాలువ తీయడానికో వాడతారు. నీళ్లు పారితే పంట పెరుగుతుంది, పెరిగిన పంటలోంచి దాత పేరున రోజూ తళిగ, అంటే నైవేద్యం పెడతారు, పెట్టిన ప్రసాదంలో నాలుగో వంతు దాతకు వస్తుంది. ఆ వంతును దాత ఇంకొకరికి రాసివ్వొచ్చు కూడా. "అంటే ఫిక్సెడ్ డిపాజిట్, దానిపై వడ్డీ" అన్నాడు మా బావ. "చెరువు రూపంలో డిపాజిట్ సార్, ఊరంతా తాగే వడ్డీ" అన్నారు అయ్యవారు. ఆయన ఇట్లా ఎదుటివాళ్ల మాటల్లోంచే అందుకుని చెప్తారు, అందుకే పాఠంలా ఉండదు.

గుడి లోపల ఫోన్లు ఉండవు కాబట్టి అందరి చెవులూ ఆయన వైపే. ఈ గుడిలో ముందు నుంచీ ఉన్నది పార్థసారథి స్వామి, పడుకున్న గోవిందరాజులు తర్వాత వచ్చారు. చిదంబరంలో శివుడి గుడి పక్కనే ఉన్న గోవిందరాజులను ఒక శైవ చోళరాజు కాలంలో తీసి సముద్రంలో వేయించారని, అక్కడి నుంచి వచ్చిన ఉత్సవమూర్తిని రామానుజులవారు ఇక్కడ ప్రతిష్ఠ చేయించారని సంప్రదాయం. సంవత్సరం 1130. ఆ ఏడాది ఫిబ్రవరి 24ను ఊరు పుట్టిన రోజుగా లెక్కగట్టి 2022లో మనవాళ్లు వేడుక కూడా చేశారు, గుర్తుండే ఉంటుంది. గుడి చుట్టూ వీధులు ఏర్పడి గోవిందరాజపట్నం అయింది, రామానుజపురం అని కూడా అన్నారు. అంటే ఒక చోట నుంచి మతం పేరు మీద వెళ్లగొట్టబడ్డ దేవుడి చుట్టూ మన ఊరు పెరిగింది. ఇది చెప్పి అయ్యవారు అక్కడితో ఆపలేదు, అదే చిదంబరంలో విజయనగరం రాజు అచ్యుతరాయల కాలంలో గోవిందరాజులను మళ్లీ నిలబెట్టారని, ఇప్పుడు నటరాజు, గోవిందరాజులు ఒకే ఆవరణలో ఉన్నారని కూడా చెప్పారు. కథలో సగం చెప్పి కోపం పుట్టించి వదిలేసేవాళ్లను చాలామందిని విన్నాను. మిగతా సగం కూడా చెప్పినందుకు ఈయన మీద నాకు గౌరవం కలిగింది.

స్వామి తల కింద కుంచం ఉంటుంది, చూశారా ఎప్పుడైనా? తమ్ముడు వెంకన్న పెళ్లికి కుబేరుడి దగ్గర తెచ్చిన అప్పు తీర్చడానికి అన్నగారు డబ్బు కొలిచీ కొలిచీ అలిసి, ఆ కుంచమే తలగడ చేసుకుని పడుకున్నాడని మా అవ్వ చెప్పేది. అయ్యవారు కూడా ఆ కథే చెప్పారు, కథను కథగా, శాసనాన్ని శాసనంగా విడివిడిగా చెప్పారు. "ఇది జనం చెప్పుకునేది, ఇది రాతి మీద ఉండేది" అని ప్రతిసారీ గీత గీసినట్టు చెప్పడం ఈ నడకలో నాకు నచ్చినవాటిలో మొదటిది. వినేవాళ్లకు భక్తి తగ్గదు, తెలివీ తగ్గదు. లోపల ఆండాళ్ సన్నిధి, ఆళ్వార్ల సన్నిధులు, భాష్యకారుల, అంటే రామానుజుల సన్నిధి అన్నీ ఉన్నాయి. మేం ఉన్న సమయానికే పాశురాలు, అంటే ఆళ్వార్ల అరవ పాటలు వినబడుతున్నాయి. తెలుగు ఊరి నడిబొడ్డున రోజూ అరవంలో దేవుణ్ణి కీర్తిస్తారు, అదే దేవుడి తమ్ముడికి కొండ మీద అన్నమయ్య తెలుగులో జోల పాడాడు. మనం పుట్టిన దగ్గర్నుంచి వింటాం కాబట్టి మనకు వింతనిపించదు. తళిగ, సాత్తుమొర (పూజ చివర పాశురాలు చదవడం), తోమాల (పూలదండల సేవ), ఇవన్నీ అరవం నుంచి వచ్చి మన నోళ్లలో తెలుగైపోయిన మాటలే.

బయటికొచ్చాక వీధులు. ఇక్కడ ఆయన వేగం పెంచారు, నాకు ఇక్కడే ఇంకాసేపు ఉంటే బాగుండనిపించింది. బేరి వ్యాపారులవి బేరి వీధి, కరణాలవి కర్నాల వీధి, బండ్లు ఆగింది బండ్ల వీధి, కోనేటి వైపు తీర్థకట్ట వీధి, పేర్లలోనే ఊరి లెక్కాపత్రం ఉంది. తీర్థకట్ట వీధిలో ఒక ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారు, డబ్బు 400లోనే. స్టీలు గ్లాసు, డబరా, నురగ పైదాకా. ఇడ్లీ పొంగలి మాత్రం ఎవరికి వాళ్లే కొనుక్కోవాలి. పొంగలి మిరియాలు నలగ్గొట్టి వేసింది, నెయ్యి ఒంపకుండా చుక్కలు వేసింది, మంచి పొంగలి. ఆ అరుగులు ఎన్నాళ్లుంటాయో తెలీదు. ఆ వరసలోనే రెండు ఇళ్లు పడగొట్టి లాడ్జీలు లేపారు, మిగిలిన ఇంటి పెద్దాయన, "మా పిల్లకాయలు హైదరాబాదులో ఉండారు, వాళ్లకీ కూసాలు, దూలాలు ఏం చేసుకోను" అన్నాడు. మా అవ్వ ఇల్లు కూడా అట్లే పోయింది, ఇప్పుడక్కడ ఏసీ గదులు.

గాంధీ రోడ్డులో హథీరాంజీ మఠం ముందు కాసేపు ఆగాం. దీని గురించి నాకు తెలిసింది ఒక్కటే, హథీరాం బావాజీ అనే సాధువు స్వామితో పాచికలాడాడని, గదిలో పెట్టి తాళం వేసి బండెడు చెరకు తినమంటే రాత్రికి రాత్రి ఏనుగొచ్చి తినిపోయిందని. అసలు సంగతి ఇంకా ఉంది. కొండ ఆదాయం ఆర్కాటు నవాబు చేతుల్లోంచి 1801లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. కంపెనీవాళ్లు లెక్కలు, పద్ధతులు రాయించారు, 1821లో బ్రూస్ అనే దొర రాయించిన నియమాలను బ్రూస్ కోడ్ అంటారు. ఆ తర్వాత, క్రైస్తవ ప్రభుత్వం హిందూ గుళ్లు నడపడమేమిటని ఇంగ్లండులో గొడవ లేస్తే, 1843లో ఆ బాధ్యత తీసుకొచ్చి ఈ మఠం పెద్ద అయిన మహంతుకు అప్పగించారు. అక్కడి నుంచి 1933లో దేవస్థానం కమిటీ వచ్చేదాకా తొంభై ఏళ్లు తిరుమలను నడిపింది ఉత్తరాది బైరాగుల మఠం. ఆగమం, అంటే పూజా పద్ధతి వైఖానస అర్చకులది, పాశురం వైష్ణవ మఠాల జీయంగార్లది, తాళం చేతులు బైరాగులవి, పై అజమాయిషీ కొన్నాళ్లు నవాబుది, కొన్నాళ్లు దొరది. ఇదంతా ఒకే స్వామి చుట్టూ, ఈ నాలుగు వీధుల్లోనే జరిగింది. లంబాడీలు ఇప్పటికీ హథీరాం బావాజీని తమవాడిగా కొలుస్తారు, మాతో నడిచిన కదిరి దంపతులు అక్కడ చేతులెత్తి మొక్కుతుంటే నాకు మొదట ఎందుకో అర్థం కాలేదు, తర్వాత ఆ భర్తే చెప్పాడు, వాళ్లది తండా అని.

ఈ భాగంలోనే ఒక చిన్న వెలితి ఉంది. పాత ఊళ్లో మసీదు ఉంది, చుట్టూ తరతరాలుగా ఉన్న ముస్లిం కుటుంబాలున్నాయి, మా అవ్వ ఇంట్లో పెళ్లి గాజులు, జరీ అంతా ఆ వైపు అంగళ్లలోనే కొనేవాళ్లు. అయ్యవారు దూరం నుంచి చెయ్యి చూపించి ముందుకు నడిపించారు. ఆ వీధిలో కూడా ఒక పావుగంట ఆపి, అక్కడి పెద్దవాళ్లెవరితోనైనా రెండు మాటలు చెప్పిస్తే ఈ నడక నిండుగా ఉంటుంది. ఆయనతోనే ఈ మాట అన్నాను, "నిజమేనమ్మా, మాట్లాడి పెడతా" అన్నారు. నడుస్తూ నడుస్తూ చెప్పిన ఇంకో ముక్క మాత్రం బాగుంది: కొండ మీద మంగళవారం జరిగే అష్టదళ పాదపద్మారాధనలో వాడే 108 బంగారు పూలు 1984లో గుంటూరు నుంచి ఒక ముస్లిం భక్తుడు సమర్పించినవి. అట్లాగే అలిపిరి పేరు. అడిప్పుళి, అంటే కొండ అడుగున ఉన్న చింతచెట్టు అని పెద్దలంటారు, ఆ చెట్టు కిందే మేనమామ తిరుమలనంబి రామానుజులకు రామాయణం చెప్పాడని. జనం మాత్రం అలీ అనే సర్దారు అక్కడిదాకా వచ్చి వెనక్కి ఫిరాయించాడు, అందుకే అలిపిరి అంటారు. ఒక్క పేరును అరవంవాళ్లు ఒక రకంగా, తురకం తెలిసినవాళ్లు ఒక రకంగా విప్పుకున్నారు. మా అక్క కూతురు రెండూ నోట్‌బుక్కులో రాసుకుంది.

కోదండరాముల గుడి దగ్గర పది నిమిషాలే, విజయనగరం నాటి గుడి, ప్రశాంతంగా ఉంటుంది, ఎక్కువ చెప్పడానికి లేదు. చివరి మజిలీ తాతయ్యగుంట గంగమ్మ. ఆ ఎండలో అంత దూరం నడిచి పోయామంటే అయ్యవారి మాట నడిపించిందంతే. ఈవిడ స్వామికి చెల్లెలు, మే నెలలో జాతరప్పుడు దేవస్థానం నుంచి పుట్టింటి సారె వస్తుంది. ఆగమం లేదు, వేదం లేదు, వేపాకు, అంబలి, డప్పు. అవిలాలలో పెరిగిన పిల్ల, ఆడవాళ్లను చెరపట్టే పాలెగాడు తన మీద చెయ్యి వేయబోతే ఉగ్రరూపం చూపించింది, వాడు పారిపోయి దాక్కున్నాడు, వాణ్ణి బయటికి రప్పించడానికి రోజుకో వేషం వేసింది. బైరాగి వేషం, బండ వేషం, తోటి (ఊరి పనివాడు) వేషం, అప్పటికీ రాకపోతే దొర వేషం. ఎవరో దొర వచ్చాడనుకుని పాలెగాడు బయటికొచ్చాడు, తల తెగింది. మర్నాడు మాతంగి వేషంలో పోయి వాడి పెళ్లాన్ని ఓదార్చింది. ఈ ఓదార్చే ముక్క నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం, చంపినావిడే వెళ్లి ఆ ఇంటి ఆడదాని కన్నీళ్లు తుడవడం ఇంకే పురాణంలోనూ నేను వినలేదు.

నేను పుట్టి పెరిగినందుకు ఇక్కడ నా మాట ఒకటి కలుపుతాను, ఇది అయ్యవారిది కాదు. ఆ వేషాల వరస చూడండి: బైరాగి, తోటి, దొర, మాతంగి. ఈ ఊళ్లో ఎవరెవరు తిరిగారో, ఎవరి ముందు ఊరు చేతులు కట్టుకుందో, ఎవరు ఊరి బయట ఉన్నారో అంతా అందులో ఉంది. శాసనం రాయించుకునే స్తోమత లేనివాళ్లు ఊరి సంగతిని ఒంటి మీద రాసుకుని వీధుల్లో తిరిగినట్టు నాకు అనిపిస్తుంది. మా నాయన మొక్కుబడికి చీర కట్టి, కాటిక పెట్టి, మా అమ్మ నగలు పెట్టుకుని జాతరకు పోయినప్పుడు నాకు ఆరేళ్లు. సుగంధం, పసుపు, చెమట కలిసిన ఆ వాసన ఇప్పటికీ గుర్తే. గుడి ముందు నిలబడి ఇది మా బావకు చెప్పాను. ఆయన ఏమీ అనలేదు, చాలాసేపు విశ్వరూప స్తంభం వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఇక లెక్కగా చెప్పాలంటే, బాగోలేనివి కొన్ని ఉన్నాయి. ఆలస్యం సంగతి చెప్పాను. దారిలో ఆడవాళ్లకు బాత్రూమ్ ఎక్కడో ముందుగా చెప్పరు, కాఫీ తాగిన ఇంట్లోవాళ్లు దయతలిచారు కాబట్టి సరిపోయింది, అరవై దాటినవాళ్లను తీసుకుపోతే ఇది ముందే అడిగి పెట్టుకోండి. గుడి లోపల రద్దీ ఉంటే ఆయన గొంతు వెనకవాళ్లకు వినబడదు, చిన్న మైకు పెట్టుకోమని ఇద్దరు ముగ్గురం అడిగాం, గుడిలో మైకు వద్దంటారాయన, అది ఆయన పట్టుదల. నడక అయ్యాక కపిలతీర్థం కూడా ఉందని చెప్పారు గానీ, అక్కడికి ఆటో ఖర్చు మనదేనని ముందు చెప్పలేదు. మనిషికి యాభై పడింది, డబ్బు పెద్దది కాదు, మాట ముందు ఉండాలి. కపిలతీర్థంలో నీళ్లు సన్నగా జారుతున్నాయి, వానాకాలంలో పోతే ఆ ఘోష వేరు. అదే తీర్థాన్ని వైష్ణవులు ఆళ్వార్ తీర్థం అంటారు, శివుడి గుడి ముందు నీళ్లకు రెండు పేర్లు, స్నానం చేసేవాళ్లు ఏ పేరున మునిగినా చల్లదనం ఒకటే అని మాతో వచ్చిన ఒక పెద్దావిడ అంది. చంద్రగిరి ఈ నడకలో లేదు, అది వేరే రోజు పెట్టుకోండి. రాజమహలులో విజయనగరం రాజుల ఇంటికి సుల్తానుల పద్ధతి కమానులు ఎట్లా వచ్చాయో చూడాలంటే అక్కడికి పోవాల్సిందే.

ఇంకొకటి అడుగుతారు, భాష. అయ్యవారు చెప్పేదంతా మా చిత్తూరు యాసలో, మధ్యమధ్యలో అరవం. మా బావకు, వాళ్లమ్మాయికి మొదటి అరగంట 'ఉండాది', 'యాడికి' వినడానికి కొత్తగా ఉన్నా తర్వాత అలవాటైపోయింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఈ ఊరు ఉత్తర ఆర్కాటులో ఉండేది, 1960లో తిరుత్తణి తమిళనాడు వైపు పోయింది, గీతలు మారాయి గానీ నోళ్లు మారలేదు. ఆ యాసలోనే ఈ కథలు వినాలి. అచ్చు పుస్తకం తెలుగులో చెప్పేవాళ్లు కావాలంటే ఈ నడక మీకు కుదరదు, ముందే చెప్తున్నా.

ఫోన్ ముందు రోజు సాయంత్రంలోపు చెయ్యండి. నీళ్ల సీసా, గొడుగు, విప్పడానికి తేలికైన చెప్పులు చాలు. గోవిందరాజుల బ్రహ్మోత్సవాల రోజుల్లో ఆయన నడక పెట్టరు, వాహనాలు మోసే వీధుల్లో జనానికి అడ్డం రాకూడదంటారు. పిల్లలుంటే తప్పకుండా తీసుకుపోండి, టార్చి వెలుగులో అక్షరాలు లేచే దృశ్యం వాళ్లు మరిచిపోరు.

సోమవారం రాత్రి రైలుకు ముందు మా బావ ఒక్కడే మళ్లీ గోపురం దాకా పోయొచ్చాడు. అనంతరాజు పక్కన ముగ్గురిలో ఎవరి మొహం మీద పసుపు తక్కువుందో చూసొచ్చానని చెప్పాడు. మేలో జాతరకు అక్కావాళ్లు వస్తున్నారు, దొర వేషం రోజున వీధులు తిప్పుతానని అయ్యవారు మాట ఇచ్చారు.